మూలమును టిప్పణమును

తాళపత్ర ప్రతులను సరిచూచిన వారెల్లరు నొక చిక్కు నెఱుగుదురు. చదువరి యొకడు తనకొఱకై యంచున వ్రాసికొనిన టిప్పణమును దరువాతి లేఖకుడు మూలములోనిదే యనుకొని పంక్తి నడుమ జొప్పించును. రెండు మూడు ప్రతులు మాఱిన పిదప నేది కవివాక్యమో, యేది పరుల చేర్పో తెలియదు. నేడు నేను ముచ్చటింపబోవు విమ్ అను ఎడిటరు, అనగా కంప్యూటరులో వ్రాతను దిద్దుకొను సాధనము, క్రొత్తకాలపుదే. కాని దాని చరిత్రలో ముఖ్యమైన దంతయు నీ చిక్కును దప్పించుకొనుటయే యని నా యభిప్రాయము.

దీనికి బూర్వము వీ-ఐ అనునది కలదు. 1976లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో విద్యార్థిగా నుండిన బిల్ జాయ్ దానిని యూనిక్స్ వ్యవస్థకొఱకు వ్రాసెను. అతడు వాడిన ఏ.డి.ఎమ్.-3ఏ టెర్మినలుమీద బాణపు గుర్తులు హెచ్, జె, కె, ఎల్ అను నక్షరముల మీటలపైననే యుండెను. కావున తెఱపై నెడమకు, క్రిందికి, పైకి, కుడికి జరుగుట కా నాలుగు మీటలే వాడుకయయ్యెను. ఆ టెర్మినలు మూలబడి యెన్నియో యేండ్లయినను వ్రేళ్ల యలవాటు పోలేదు. ఆ యలవాటును వేఱొక యంత్రమునకు గొనిపోవలెనను కోరికయే విమ్ పుట్టుకకు గారణము.

హాలెండు దేశీయుడైన బ్రామ్ మోలెనార్ అమీగా యను కంప్యూటరును గొనెను. తాను మరిగిన వీ-ఐ దానిపై లేదు. టిమ్ థాంప్సన్ అటారీ యంత్రముకొఱకు వ్రాసిన స్టీవీ యను ననుకరణ మమీగాకును వచ్చియుండెను. దానిని బట్టుకొని 1988లో బని యారంభించి, 1991 నవంబరులో ఫ్రెడ్ ఫిష్ పేర వెలువడుచుండిన డిస్కుల వరుసలో 591వ దానిపై విమ్‌ను లోకమున కిచ్చెను. మఱుసటి యేట నది యూనిక్స్‌కును జేరెను. మొదట 'వీ-ఐకి అనుకరణ' యని యర్థమిచ్చిన పేరు పిదప 'మెరుగుపఱచిన వీ-ఐ' యని యర్థమిచ్చినది. ఇంగ్లీషున రెంటికిని బొడియక్షరము లొక్కటే. పేరు మార్పక యర్థము మార్చుట శ్లేష తెలిసినవాని పని!

ఇన్ని యంత్రములలో నొక్కటే ఎట్లు నడచుననిన, యంత్రమునుబట్టి మాఱు భాగములను వేఱు ఫైళ్లలో నుంచిరి: యూనిక్స్‌కు గొన్ని, అమీగాకు గొన్ని, విండోస్‌కు గొన్ని. పదమును దుడుచుట, పంక్తిని జేర్చుట యందఱకు నొక్కటే.

వాడువాని యిష్టములు మఱొకటి. పంక్తులకు సంఖ్యలు కావలెనా, ట్యాబు వెడల్పెంత యనువానిని అతడు తన యింటి డైరెక్టరీలో విమ్-ఆర్-సి యను ఫైలున వ్రాసికొనును. యంత్రమంతటికి జెందు ఫైలు వేఱుగా గలదు. ఇచ్చట నొక మెలిక. 2016లో వచ్చిన 8.0 మొదలు, సొంత ఫైలు లేనివానికి విమ్ తానే కొన్ని యమరికలను గల్పించును. అవి యంత్రపు ఫైలు తరువాత జదువబడుటచే దానిలోని మాటను ద్రోసిపుచ్చును. సొంత ఫైలు, ఖాళీదైనను సరే, యున్నచో నవి రావు. క్రొత్తవారిని దికమక పెట్టునది యిదియే.

1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ వ్యవస్థవారు ప్యాకేజి గట్టు పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. మూలకర్త పంపిన ప్రతిని ముట్టక యొక మూటగా నుంతురు. తమ సవరణలను 'డెబియన్' అను డైరెక్టరీలో వేఱుగా జూపుదురు. మంచి పరిష్కర్త పుట యడుగున బాఠాంతరములు చూపినట్లే. ఆ మూలమునుండియే చిన్న యమరికకు విమ్-టైనీ, కిటికీలుగల డెస్క్‌టాపునకు విమ్-జిటికె3 మొదలగు ప్యాకేజీలు కట్టుదురు. యంత్రపు ఫైలును వాడువాడు దిద్దియుండి, క్రొత్త ప్యాకేజిలోను నది మాఱియున్నచో, డిపికెజి యను ప్రోగ్రాము తనంత దాను జెఱుపదు. నీ ప్రతి నుంచుకొందువా, మాది గైకొందువా యని యడుగును. బదులు చెప్పక ఎంటర్ నొక్కినచో నీదే నిలుచును.

దీని విలువ నాకు దెలిసినది నా తప్పువలననే. ఛందస్సును గూర్చి వ్రాయుటకై గణములకు, వృత్తములకు గూర్చుకొనిన సంక్షేపములను సొంత ఫైలులో గాక యంత్రపు ఫైలులో వ్రాసితిని. ఒకనాడు క్రొత్త ప్రతి వచ్చుచు బ్రశ్న యడుగగా, చదువక 'వై' నొక్కితిని. అఱువదికి బైగా సంక్షేపములు మాయమైనవి. ఆ రాత్రి నిద్రలేదు. నాకడ జదువుకొనిన యొకడు మఱునాడు వచ్చి, నవ్వుచు, ఆ ప్రక్కనే 'డిపికెజి-ఓల్డ్' అను తోకతో నున్న పాత ఫైలును జూపెను. పాతయాకును బాఱవేయక యటకపై బెట్టియుంచినదన్నమాట! నా సంక్షేపముల నప్పుడే యింటి డైరెక్టరీలోనికి మార్చుకొంటిని.

మోలెనార్ 2023 ఆగస్టు 3న మరణించెను. విమ్‌ను మూల్యము లేక యిచ్చి, వీలైనవారు ఉగాండాలోని కిబాలే బాలలకు సాయపడుడని కోరిన యుదారు డతడు. తోడివారు పని విడువక 2024 జనవరిలో 9.1ని వెలువరించి యాతనికే యంకిత మిచ్చిరి. అది నా యంత్రమునకు వచ్చిన నాడు ప్రశ్నకొఱకు గండ్లద్దములు దుడుచుకొని కాచియుంటిని. ప్రశ్నయే రాలేదు. మగణపు సంక్షేపము నొక్కి చూచితిని. మూడు గురువులును దెఱపై నిలిచినవి.