తలుపు తట్టే చేతికి హద్దు

సవర గిరిజనుల ఇళ్లు వరసగా, గోడకు గోడ ఆనించి ఉంటాయి. ఒక తలుపు తడితే వరసంతా మేలుకుంటుంది. సీతంపేట కొండల్లో పోలీసు నిఘా గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందు ఆ తలుపే గుర్తొస్తుంది.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత ఈ కొండలున్న శ్రీకాకుళం ఏజెన్సీ తిరుగుబాటుతో రగిలింది. 1969లో ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అందుకు ఉమ్మడి మద్రాసు కాలం నాటి 1948 చట్టాన్ని బయటికి తీసింది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరికి ఎవరు అన్నం పెట్టారు అన్నది అప్పటినుంచి రాజ్యం ఆరా తీసే సంగతైంది. ఆ ఆరాకు హద్దు ఎక్కడో మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

మనిషి మీద కన్నేసి ఉంచడానికైతే చట్టం ఎప్పుడో వచ్చింది. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. మన ఎరుకలవారి పిల్లలు పుట్టుకతోనే అనుమానితులయ్యారు. పెద్దల పేర్లు రిజిస్టరుకెక్కాయి, వేలిముద్రలు పోలీసుల చేతికి వెళ్లాయి. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది గానీ స్టేషనులో పుస్తకం మూతపడలేదు. హిస్టరీ షీటు, రౌడీ షీటు అన్న పేర్లతో అది ఇంకా నడుస్తోంది. వాటికి ఆధారం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. అవి చట్టసభ చేసినవి కావు, శాఖ తన కోసం తాను రాసుకున్నవి.

ఆ పుస్తకాన్ని కోర్టు మెట్లెక్కించినవాడు ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్. 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక కూడా ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు తట్టి నిద్ర లేపేవాళ్లు. 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను అలాగే ఉంచింది. గోప్యత ప్రాథమిక హక్కు కాదని కూడా అంది.

ఆరుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి. షాతో కలిసి ఆ భిన్న తీర్పు రాసినవారు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో కనబడకపోయినా అది వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని ఆయన అన్నారు. పోలీసు కన్ను వెంటాడుతుండగా తిరిగే తిరుగుడు స్వేచ్ఛ కాదని, అలాంటి మనిషికి దేశమంతా జైలేనని వాదించారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి ఇరుసు ఆ కొద్ది పేజీలే. అవి ఓడిపోయిన పక్షంలో పడి 55 ఏళ్లు కాచుకున్నాయి.

మధ్యలో మరో తెలుగు న్యాయమూర్తి ఈ దారిని కొంత వెడల్పు చేశారు. 1980 డిసెంబరులో మాలక్ సింగ్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి నిఘాను పూర్తిగా తప్పనలేదు. కానీ నేరం ఆపడానికి కావలసినంతకు మించి, మనిషి పరువు పోయేలా అది సాగకూడదన్నారు. 1996లో టెలిఫోన్ ట్యాపింగ్ కేసులో తీర్పు వచ్చింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది రెండు నెలలకు మించి నడవకూడదు, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, సమీక్షకు ఒక కమిటీ ఉండాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో అవే నిబంధనలయ్యాయి. అయితే ఉత్తర్వు ఇచ్చేదీ అధికారులే, సమీక్షించేదీ అధికారులే. జడ్జికి అందులో చోటు లేదు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కన్నారు. సుబ్బారావు మాటే నిలబడింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. కానీ తీర్పు తలుపు దగ్గర ఆగుతుంది, తలుపు తట్టే సంస్థ లోపలికి వెళ్లి దాన్ని కట్టడి చేయాల్సింది చట్టమే. 1887లో పుట్టిన ఇంటెలిజెన్స్ బ్యూరోకు హద్దులు గీస్తూ పార్లమెంటు చేసిన చట్టం ఈనాటికీ లేదు. ఆ లోటు తీర్చడానికి 2011లో ఎంపీ మనీష్ తివారీ తెచ్చిన ప్రైవేటు మెంబరు బిల్లు చట్టం కాలేదు. అమెరికా తన నిఘా సంస్థల అతిక్రమణలు బయటపడ్డాక 1978లో, విదేశీ గూఢచర్యం పేరిట సాగే నిఘాకు ప్రత్యేక కోర్టు అనుమతి ఉండాలని చట్టం చేసింది. 2002లో అంతర్గత భద్రత శాఖను పెట్టినప్పుడు ఆ శాఖలోనే గోప్యతాధికారి ఉండాలని చట్టంలో రాసింది.

మనకూ ఒక అవకాశం వచ్చింది. 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ, భద్రతా సంస్థలు పౌరుల సమాచారం వాడుకోవాలంటే చట్టం ఉండాలని, అది అవసరానికి తగినంతే ఉండాలని ముసాయిదాలో రాసింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం దారి మార్చింది. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలపై కేంద్రం నోటిఫై చేసిన సంస్థలకు ఆ చట్టమే వర్తించదని 17వ సెక్షను చెబుతోంది. అంతకు ముందు ఏడాది వచ్చిన నేర గుర్తింపు చట్టం వేలిముద్రలతో పాటు కంటిపాప గుర్తులు కూడా తీసుకుని 75 ఏళ్లు దాచుకోనిస్తోంది.

హద్దు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మన ముందే ఉంది. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట స్టేషనులో ఒక కేసు నమోదైంది. మావోయిస్టుల మీద నిఘాకు పెట్టిన విభాగం రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విన్నదని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టే. అడవిలో మనిషి కోసం పెట్టిన చెవి నగరం వైపు తిరిగిందన్న ఆరోపణను ఈ కొండల చరిత్ర తెలిసినవాళ్లు తేలిగ్గా తీసుకోలేరు. ఇటు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 2022 జులైలో ఏకసభ్య ధర్మాసనం, చట్టం అండ లేకుండా స్టాండింగ్ ఆర్డర్లతోనే రౌడీ షీట్లు తెరవడం గోప్యతకు విరుద్ధమని తీర్పు చెప్పింది. నేరస్థ తెగల కాలం నుంచి వస్తున్న ఆ పుస్తకాన్ని అంత సూటిగా ప్రశ్నించిన తీర్పు మన దగ్గర అరుదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో సీతంపేట మండలం శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. ఇక్కడి షెడ్యూల్డు గ్రామాలకు రాజ్యాంగం ఐదో షెడ్యూలులో ఒక వెసులుబాటు ఉంది. ఏ చట్టమైనా ఇక్కడ వర్తించదనో, మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. 17వ సెక్షను మినహాయింపు ఈ కొండల్లో చెల్లదని అలాంటి నోటిఫికేషన్ ఒకటి రావాలని నేను కోరుతున్నాను. గోప్యత హక్కుకు ఓటేసిన ఆ తొమ్మిదిమందిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 ఫిబ్రవరిలో గవర్నరుగా వచ్చింది ఈ రాష్ట్రానికే.