ఇంటి బారుకు పునాది ఐసుగడ్డ

ఇంట్లో బారు పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందని అడిగితే అందరూ చెప్పే జవాబు ఇంచుమించు ఒకటే. 1920 జనవరిలో అమెరికాలో మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. సెలూన్లు మూతబడ్డాయి. తాగేవాళ్లు ఇళ్లలోకి చేరారు. దొంగసరుకు నాటు రుచి తెలియకుండా అందులో పళ్లరసమూ చక్కెరా కలిపారు. అలా కాక్‌టెయిలూ, కాక్‌టెయిల్ పార్టీ, ఇంటి బారూ ఒకే కాన్పులో పుట్టాయంటారు. ఈ కథ చెప్పడానికి బాగుంటుంది, గుర్తుపెట్టుకోవడమూ తేలికే. కానీ ఆ కాలపు సంవత్సరాలను వరసగా పేర్చి చూస్తే నిలవదు. మద్యనిషేధానికి అందులో పాత్ర లేదని నేననను. అయితే ఆ పాత్ర పైకప్పుది. పునాది వేసింది ఐసు. ఈ వ్యాసంలో నేను చూపదలచింది అదే.

తొలి దశలు అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇంటికొచ్చినవాళ్లకు మద్యం కలిపి ఇచ్చే అలవాటు కాక్‌టెయిల్ కంటే చాలా పాతది. దాని పేరు పంచ్. ఆ మాట ఇంగ్లీషులో మొదట కనబడేది మన తీరానికి చెందిన ఒక ఉత్తరంలోనే. 1632 సెప్టెంబరు 28న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్, పెటపోలిలో ఉన్న కోలీ అనే వర్తకుడికి రాశాడు. పెటపోలి అంటే ఇప్పటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. అందరూ కలిసి ఇల్లు చక్కగా నడుపుకోమని చెబుతూ ఆడమ్స్ పంచ్ ఊసెత్తాడు. అంటే ఆ పానీయం తొలిసారి కాగితమెక్కినప్పుడే ఇల్లన్న మాట దాని పక్కనుంది. పద్దెనిమిదో శతాబ్దానికి ఇంగ్లండులోనూ అమెరికా వలసల్లోనూ ఇంటి యజమానే బల్ల దగ్గర నిలబడి నిమ్మకాయలు పిండి, చక్కెర కరిగించి, పెద్ద గిన్నెలోంచి గరిటెతో పోసేవాడు. కాక్‌టెయిల్ అంటే మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం కలిపినదని 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఊరి పత్రిక ఒకటి నిర్వచించింది. 1862లో జెర్రీ థామస్ తొలి బార్‌టెండర్ల పుస్తకం వేశాడు.

వాడుక కథ ఇక్కడినుంచి ఒక్క గెంతులో 1920కి వచ్చేస్తుంది. మధ్యలో ఉన్న అరవై ఏళ్లలోనే అసలు సంగతి ఉంది.

జెర్రీ థామస్ పుస్తకాన్నే తీసుకుందాం. కాక్‌టెయిల్‌ను ఎక్కువగా చేపల వేటకూ విహారాలకూ పట్టుకెళతారని అతను రాశాడు. సీసాలో నింపి తీసుకెళ్లే బ్రాందీ కాక్‌టెయిల్ పాకం కూడా ఇచ్చాడు. దాంట్లో రెండు వంతులు బ్రాందీ, ఒక వంతు నీళ్లు. పైన కాస్త బిట్టర్స్, చక్కెరపాకం, కొద్దిగా క్యురసావ్ అనే నారింజ లిక్కర్. ఈ పాకాన్ని చదివినవాళ్లు ఆ నీళ్ల దగ్గర ఆగరు, కీలకం మాత్రం అక్కడే ఉంది. బారులో కలిపే కాక్‌టెయిల్‌లో నీళ్లు విడిగా పోయరు. ఐసుతో కలిపేటప్పుడు కరిగిన నీరే పానీయంలో చేరుతుంది. గరిటెతో తిప్పి చల్లార్చిన మార్టినీలో ఇంచుమించు నాలుగో వంతు ఆ నీరే. అది లేకపోతే మద్యం నాలుకను కోస్తుంది, పరిమళం విచ్చుకోదు. విహారానికి ఐసు వెంట రాదు గనక జెర్రీ థామస్ దాని బదులు నీళ్లు పోశాడు. 1892లో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో హ్యూబ్లైన్ కంపెనీ ముందే కలిపిన కాక్‌టెయిల్స్‌ను సీసాల్లో అమ్మకానికి పెట్టింది. అంటే బారు బయట కాక్‌టెయిల్‌కు గిరాకీ మద్యనిషేధానికి దాదాపు ముప్ఫై ఏళ్ల ముందే ఉంది. లోటల్లా చేతికందే ఐసుదే.

ఆ లోటు తీరిన కథ 1806లో మొదలవుతుంది. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి, ఓడకెత్తి, కరీబియన్ దీవి మార్టినీక్‌కు పంపాడు. మొదట్లో నష్టపోయినా వదల్లేదు. 1825 ప్రాంతాల నథానియెల్ వైత్ గుర్రాలు లాగే ఐసు నాగలి తయారుచేశాక దిమ్మలు ఒకే కొలతలో, తక్కువ ఖర్చుతో రావడం మొదలైంది. 1833లో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్‌లో బయల్దేరి, నాలుగు నెలలు ప్రయాణం చేసి కలకత్తా చేరితే ఇంకా వంద టన్నుల దాకా మిగిలే ఉంది. మద్రాసు కడలి ఒడ్డున 1842లో ఇందుకోసమే ఐస్ హౌస్ కట్టారు. తర్వాత వివేకానందుడు బస చేసిన భవనమది. ఇప్పుడు ఆయన పేరుతోనే ఉన్నా, చుట్టుపక్కలవాళ్లు ఐస్ హౌస్ అనే అంటారు.

ఐసు ఓడెక్కి ఖండాలు దాటిన సంగతి అందరూ రాశారు. అది ఇంటి గుమ్మం ఎక్కిన సంగతి మీదే శ్రద్ధ తక్కువ. పందొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికా పట్టణాల్లో సామాన్యుల ఇళ్లలోనూ ఐస్‌బాక్స్ చేరింది. బయట చెక్క బీరువా, లోపల జింకు రేకు, పై అరలో ఐసు దిమ్మ, కరిగిన నీళ్లకు అడుగున పళ్లెం. వీధిలో బండి వచ్చేది. ఇంటివాళ్లు కిటికీలో ఒక అట్టముక్క పెట్టేవాళ్లు. దాని నాలుగు అంచుల మీద 25, 50, 75, 100 అని అంకెలుండేవి. ఆ రోజుకు ఎన్ని పౌండ్లు కావాలో ఆ అంకె పైకొచ్చేలా అట్టను తిప్పితే, ఐసు మనిషి తలుపు తట్టకుండానే లెక్క చూసుకుని దిమ్మను పట్టకారుతో పట్టి భుజాన వేసుకొచ్చేవాడు. ఇంటాయన చేతిలో ఐసు గుచ్చే పుల్ల, మేజాబల్ల మీద షేకర్ ఉంటే చాలు, బారులో దొరికేది ఇంట్లోనూ దొరికేది. వడపోత మూతతో కలిపి మూడు ముక్కలుగా ఉండే షేకర్‌కు బ్రూక్లిన్‌లో ఎడ్వర్డ్ హాక్ పేటెంటు పొందింది 1884లోనే.

ఇక 1917. సెయింట్ లూయిస్‌లో జూలియస్ వాల్ష్ గారి భార్య ఒక ఆదివారం మధ్యాహ్నం ఏభై మంది అతిథుల్ని పిలిచి గంటసేపు కాక్‌టెయిల్ విందు చేసింది. పత్రికలు దాన్ని కొత్త వింతగా రాశాయి. ఆ ఇంట్లో సొంత బారే ఉంది. ఇది మద్యనిషేధానికి దాదాపు మూడేళ్ల ముందు మాట. 1920ల్లో లండన్‌లో కాక్‌టెయిల్ పార్టీకి తానే ఆద్యుణ్ణని నవలాకారుడు అలెక్ వా చెప్పుకున్న మాట కూడా దీని ముందు నిలవదు. అయితే వాల్ష్ గారింట్లో పానీయాలు కలిపింది జీతానికి పిలిపించిన బార్‌టెండర్. కాబట్టి ఇంటివాళ్లే స్వయంగా కలిపి ఇచ్చే ఆచారానికి ఈ విందును రుజువుగా నేను చూపను. ఇంట్లో బారు ఉండేదనడానికి మాత్రం ఇది చాలు.

మద్యనిషేధానికి న్యాయంగా దక్కాల్సిన వాటా కూడా చెప్పాలి. దాన్ని అమలుచేసిన వోల్‌స్టెడ్ చట్టం మద్యం తయారీనీ అమ్మకాన్నీ ఆపింది గానీ, ముందే కొని ఇంట్లో దాచుకున్నది ఇంటివాళ్లూ వాళ్ల అతిథులూ తాగడాన్ని నేరమనలేదు. పాత సెలూన్లలో మర్యాదస్తులైన ఆడవాళ్లకు చోటులేదు. ఇంటి హాల్లో ఆడా మగా కలిసి గ్లాసు పట్టుకున్నారు. ఈ మార్పు పెద్దదే. కానీ ఆ చట్టమే ఇంటి బారుకు ప్రాణమైతే, 1933 డిసెంబరు 5న అది రద్దు కాగానే ఇంటి బారు కూడా సద్దుమణగాలి. జరిగింది దానికి విరుద్ధం. క్రోము షేకర్లూ, ట్రేలూ, చక్రాల బల్లలూ దుకాణాల్లో కుప్పలుపడింది ఆ తర్వాతే. అప్పటికి ఇళ్లలోకి వచ్చింది ఫ్రిజ్. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల మానిటర్ టాప్ 1927లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అమెరికాలో అత్యధిక ఇళ్లకు ఫ్రిజ్ చేరింది. లాయిడ్ కోప్‌మన్ అడవిలో మంచులో నడుస్తుంటే తన రబ్బరు బూట్లకు అంటుకున్న మంచు తేలిగ్గా ఊడిపోవడం గమనించి, వంచితే ముక్కలు రాలే రబ్బరు ఐస్ ట్రే చేశాడు. బండి కోసం ఎదురుచూడక్కర్లేదు, పుల్లతో గుచ్చక్కర్లేదు.

బ్రిటన్‌తో పోల్చి చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. అక్కడ మద్యనిషేధం లేదు. కాక్‌టెయిల్ మోజు మాత్రం వచ్చింది. అయినా 1950ల్లో కూడా ఫ్రిజ్ ఉన్న ఇళ్లు అక్కడ తక్కువే. ఐసు అక్కర్లేని షెర్రీ పార్టీ అక్కడి మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడింది. ఖర్చు, అలవాటు, మర్యాద ఇవన్నీ అందుకు కారణాలే. ఐసు ఒక్కటే కారణమని పట్టుబట్టను, కానీ దాన్ని వదిలేసి చెప్పే వివరణకు కాళ్లుండవు.

1948లో డేవిడ్ ఎంబరీ రాసిన పానీయాల పుస్తకం ఈ ఇంటి సంప్రదాయానికి శిఖరం. ఆయన న్యాయవాది, బారులో ఎన్నడూ పనిచేయలేదు. మూలంగా ఆరు పానీయాలు వస్తే చాలన్నాడు. ఐసు విషయంలోనూ కొలత విషయంలోనూ మాత్రం రాజీపడలేదు. ఆ తర్వాత పొడులూ, సీసాల్లో అమ్మే పుల్లటి మిశ్రమాలూ వచ్చి చేతి విద్యను చెరిపేశాయి. 1999 చివర్లో న్యూయార్క్‌లో సాషా పెట్రాస్కీ మిల్క్ అండ్ హనీ అనే బారు తెరిచి, పెద్ద ఐసు దిమ్మలను చేత్తో కోసి వాడటంతో పాత పద్ధతి మళ్లీ లేచింది. 2009లో పానీయాల గురించి రాసే క్యాంపర్ ఇంగ్లిష్ మూతలేని థర్మాకోల్ పెట్టెలాంటి దాంట్లో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెడితే పైనుంచి కిందికి గడ్డకట్టి గాజులాంటి ఐసు వస్తుందని ఇళ్లలోవాళ్లకు చూపించాడు. పునరుద్ధరణ కూడా ఐసుతోనే మొదలైందన్నది నాకు ముఖ్యంగా తోచే విషయం.

ఇప్పటి ఇంటి బార్లు చూస్తే మాత్రం మనసు నిండదు. న్యూజెర్సీలో మా బంధువుల ఇంటి బేస్‌మెంటులో గోడ పొడుగునా అరలు, అరల కింద దీపాలు, నలభై దాకా సీసాలు ఉన్నాయి. ఆ సాయంత్రానికి ఐసు మాత్రం ఒక్క ట్రే. ఆరో అతిథికే అయిపోయింది. ఉన్న ముక్కలకూ పై అరలోని చేపల పులుసు వాసన పట్టింది. హైదరాబాదులో కొత్త ఫ్లాట్ల లోపలా ఇదే వరస చూశాను. కొలతగ్లాసు లేదు, నిమ్మకాయ లేదు, తాగనివాళ్లకు గోరువెచ్చని కూల్‌డ్రింకు. గాజులాంటి ఐసు మోజూ నాకు సగమే నచ్చుతుంది. ఆ తేటదనం కంటికి ఇంపు. నోటికి కావలసింది వాసనలేని, గట్టి, సరిపడా ఐసు.

పార్టీ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. సీసాలు నాలుగు చాలు. ముందురోజే ఫ్రీజర్ ఖాళీ చేసి కడగండి. వడకట్టిన నీళ్లతో గడ్డకట్టించి, ముక్కల్ని మూతగట్టిన సంచిలో దాచండి. తలకు అరకిలో నుంచి కిలో దాకా లెక్కేయండి. తాగనివాళ్ల నిమ్మరసంలోనూ అదే ఐసు, అదే శ్రద్ధతో వేయండి. వందేళ్ల కిందట ఒక ఇల్లాలు రేపు ఇంటికి ఎందరొస్తారో తలచుకుని కిటికీలో అట్టను 25 నుంచి 50కి తిప్పి పడుకునేది. ఇంటి బారు మొదలైంది ఆ చేతిలో, ఆ లెక్కలో.