మా క్యాంపు ఆచారి గారు

ఇట్టా మంట దగ్గరికి జరగండర్రా. క్యాంపు ఎట్టా లేచిందంటే అందరూ ముందు భూములు కొన్న ఆసాముల పేర్లే చెబుతారు. నన్నడిగితే మొదట తలుచుకోవాల్సింది వడ్రంగి ఆచారి గారిని.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. గంగావతి, సింధనూరు వైపు ఎడమ కాలవ కింద భూములు చవగ్గా వస్తున్నాయని మనవాళ్ళు కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఉన్న చెక్కా ముక్కా అమ్ముకుని వచ్చి ఇక్కడ క్యాంపులు వేసుకున్నారు. అప్పటికి ఈ ఊళ్ళున్న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోది. 1956లో గానీ మైసూరులో కలవలేదు.

ఎటు చూసినా నల్లరేగడి, తుమ్మచెట్లు. ఇక్కడి రైతులు జొన్న, పత్తి వేసేవాళ్ళు. వాళ్ళ నాగళ్ళు పెద్దవి, బరువైనవి. ఎండిన రేగడిని పెళ్ళగించాలంటే అవే సరి. నీళ్ళు పెట్టిన మడిలో మాత్రం వాటిని లాగలేక ఎడ్లు కూలబడేవి. వరికి దమ్ము చెయ్యాలంటే తేలిక నాగలి కావాలి. అందుకని మా నాన్నా వాళ్ళు ఆచారి గారిని బతిమాలి ఊరి నుంచి పిలుచుకొచ్చారు.

ఆయన సామానంతా ఒక్క గోనెసంచిలో పట్టేది. బాడిస, నాలుగైదు ఉలులు, రంపం, బరమా, చిత్రిక, మూలమట్టం. పని మాత్రం ఎక్కువ బాడిసతోనే. తుమ్మదుంగని కాలివేళ్ళతో అదిమిపట్టి, ఆ వేళ్ళ పక్కనే బాడిస దింపేవారు. పేళ్ళు ఉల్లిపొరల్లా లేచేవి. నాగలి అయ్యాక తనే మడిలోకి దిగి ఒక చాలు తోలి చూసుకునేవారు. కర్రు మరీ లోతుకి పోతుంటే ఏడికోల సందులో చిన్న చెక్కముక్క బిగగొట్టి వాలు మార్చేవారు. ఎడ్లు హాయిగా సాగిపోయేవి.

గుడిసెల వాసాలు, గుమ్మాలు, ఉయ్యాలబల్లలు, అన్నీ ఆ చేతివే.

చక్రం అంటే క్యాంపంతా కదలాల్సిందే. తుమ్మమొద్దుల్ని నెలల తరబడి నీళ్ళలో నానేసి, నీడన ఆరబెట్టి, అప్పుడు 12 ఆకులు, 6 పూటీలు చెక్కేవారు. చుట్టూ తొడిగే ఇనప పట్టాని చక్రం కన్నా రవ్వంత బిగువుగా వంచడం కమ్మరి వంతు. పిడకల మంటలో ఎర్రగా కాలిన పట్టాని నలుగురూ పట్టుకార్లతో ఎత్తి తొడిగేవాళ్ళు. చెక్క భగ్గున అంటుకునేది. మేం పిల్లలం బిందెలతో నీళ్ళు కుమ్మరించేవాళ్ళం. ఇనుము చల్లారి ముడుచుకుంటుంటే కీళ్ళన్నీ కిర్రుమంటూ దగ్గరికొచ్చేవి. ఆ బిగువు మీదే మన వడ్లు మిల్లుకి చేరాయి.

కూలి డబ్బుల్లో కాదు, మేర. కొత్త నాగలికీ, విరిగిన మేడికీ వేరే లెక్కల్లేవు. కోతలయ్యాక కళ్ళంలోనే వడ్లు కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆచారి గారి మేర పక్కన పెడితే తప్ప మా నాన్న ఇంటికి బండి కట్టనిచ్చేవాడు కాదు.