తెల్లచీకటిలో దిక్సూచి

మల్కాజ్‌గిరిలో మంచు కురియదు; మౌలాలి గుట్ట నెక్కినవానికి చుట్టునున్న ఊళ్లును చెరువులును కంటబడును. అయినను హిమాలయములందు మేఘమును మంచును ఏకమై, నేలకును నింగికిని భేదము నశించి, తన నీడయైనను తనకు కానరాని వేళ బాటసారిని కాపాడు పటవిద్యకు ఈ దక్కను రాతిగుట్టలతో చిరకాల బాంధవ్యము కలదు.

1802లో మదరాసు చెంత ఆధారరేఖను కొలిచి మహాత్రిభుజ సర్వేకు నాంది పలికిన విలియం లాంబ్టన్, అర టన్ను బరువు గల థియొడొలైటును కొండనుండి కొండకు మోయించుచు నిజాము రాజ్యమును జేరి, 1815లో బీదరు ప్రాంతమున దామరగిద్దవద్ద మరియొక ఆధారరేఖను కొలిపించెను. 1818లో అతనికి సహాయకుడుగా నియుక్తుడైన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో విషజ్వరమునకు లోనై, ఆరోగ్యార్థము ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోవలసివచ్చెను. పగటి ధూళి దృష్టి నడ్డగించినపుడు రాత్రివేళ దీపములను గురిచూచి కోణములను కొలుచు పద్ధతిని పిమ్మట ఆయనయే వ్యాప్తిలోనికి దెచ్చెను. ఆ త్రిభుజపరంపరయే ఉత్తరమునకు సాగగా, 29,002 అడుగులని 1856లో ప్రకటింపబడిన శిఖరము 1865లో ఆయన పేరు దాల్చెను.

మంచుతెరలో చిక్కినవానికిని కోణమును దూరమునే శరణ్యములు. చూపు పూర్తిగా పోకమునుపే పటముపై తానున్న చోటును గుర్తించి, గమ్యదిశను డిగ్రీలలో కొలిచి, అయస్కాంతోత్తరమునకును యథార్థోత్తరమునకును గల భేదమును సవరించి, త్రాట కట్టిన సహచరుని ముందు నడపి, వెనుకనుండి వానికి కుడియెడమలు చెప్పుచు, అడుగులు లెక్కించుచు, ఎత్తును సమోన్నతరేఖలతో సరిపోల్చుకొనుచు సాగవలెను. వాగు ఒడ్డున గుడారమున్నచో, సూటిగా దానికే గురిపెట్టక బుద్ధిపూర్వకముగా ఒక ప్రక్కకు ఒరిగి నడచినవానికి, వాగు తగిలినంతనే ఎటు మరలవలెనో సంశయముండదు. ముందు మంచుచూరు విరుగు భయమున్నచో ఆగుటయే మేలు.

ఆ దిక్సూచి సవరణకు మూలమైన భూమి అయస్కాంత క్షేత్రమును పరిశీలించు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1961లో స్థాపితమై, మల్కాజ్‌గిరికి పొరుగున ఉప్పల్ దారిలోనే యున్నది. పటములు గీయు విద్యను నేర్పు సర్వే ఆఫ్ ఇండియా శిక్షణాలయమును ఉప్పల్‌లోనే కలదు. భువనగిరి బండపై శిక్షణ పొందిన పదమూడేండ్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు నధిరోహించిన నాటినుండి మన బిడ్డలకు పర్వతములు దూరము గావు. వారికి త్రాటితోబాటు పటమును దిక్సూచిని నమ్ముటయు నేర్పుట పెద్దల విధి. ఏలయన కన్ను పనిచేయని చోట ధైర్యమొక్కటియే ప్రాణమును నిలుపజాలదు, కొలత నిలుపగలదు.