గిరి గీసుకున్న ఊరు

రజతోత్సవ సంచికకి మీ ఊరి గుడి చరిత్ర రాసిపెట్టండి అని మన సంఘం కమిటీవాళ్లు అడిగితే కాదనలేకపోయాను. డెర్బీషైర్ కొండల్లోని ఈ ఊరి పేరు ఈమ్. మెదక్ గుడి నీడన పెరిగి, నర్సు ఉద్యోగానికని ఈ దేశం వచ్చిన నాకు ఇదే మెట్టినూరు.

సెయింట్ లారెన్స్ గుడి ఆవరణలో ఎనిమిదో శతాబ్దపు రాతి సిలువ ఉంది. స్తంభంలో కొంత ముక్క ఎప్పుడో పోయింది. మిగిలినంత మేరా తీగల చెక్కడం ఇప్పటికీ చేతికి తగులుతుంది. గోడ మీద 1775 నాటి సూర్యగడియారం ఉంది. సీసపు గనులతో ఊరు బతికిన రోజులూ, కవయిత్రి ఆనా సీవార్డ్ 1742లో ఇక్కడ పుట్టిన సంగతీ ఒక్క మాటలో దాటేస్తున్నాను. నా మనసంతా 1665 దగ్గరే ఉంది.

ఆ ఏడాది సెప్టెంబరులో లండన్ నుంచి దర్జీ ఇంటికి బట్టల మూట ఒకటి వచ్చింది. తడిగా ఉందని జార్జ్ వికార్స్ అనే పనివాడు దాన్ని పొయ్యి దగ్గర ఆరేశాడంటారు. కొద్ది రోజులకే అతను పోయాడు. ప్లేగు! చలికాలంలో కాస్త సద్దుమణిగి, వేసవికి మళ్లీ విరుచుకుపడింది. అప్పుడు విలియం మాంపెసన్ అయ్యగారు ఊరందరినీ ఒప్పించారు: ఎవరూ పొలిమేర దాటకూడదు, ఎవరింటి శవాన్ని వాళ్లే పూడ్చుకోవాలి, ఆరాధన కక్లెట్ డెల్ఫ్ లోయలో ఆరుబయట జరగాలి.

స్టోనీ మిడిల్టన్ దారిలో ఆరు గుంటలున్న పొలిమేర రాయి ఉంది. గుంటల్లో వెనిగర్ పోసి, నాణేలు వేసి వచ్చేవాళ్లు. అవతలి ఊరివాళ్లు సరుకులు పెట్టి ఆ డబ్బు తీసుకెళ్లేవాళ్లు. నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లింది మా గుడి గంటలు మోగించిన పెద్దాయన. ఇప్పుడాయన లేరు. మాటేమీ చెప్పకుండా నా వేలు పట్టుకుని గుంటలో పెట్టించారు. అంచు నున్నగా అరిగి ఉంది, అడుగున వాన నీళ్లు చల్లగా తగిలాయి.

ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చుకుంది. పిల్లల్ని ఊరు దాటించి తాను మాత్రం కదలని మాంపెసన్ భార్య క్యాథరిన్ అమ్మగారు 1666 ఆగస్టు 25న కన్నుమూశారు. 14 నెలల్లో 260 మంది పోయారు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మాంపెసన్ కంటే ముందు ఇక్కడ అయ్యగారు థామస్ స్టాన్లీ. 1662 చట్టం ప్రకారం ఆరాధన చేయనన్నందుకు ఆయన్ని తీసేశారు. అయినా జనం నమ్మకం ఆయన మీదే ఉండేది. ఆ మనసు గాయం పక్కన పెట్టి ఆయన వచ్చి మాంపెసన్ పక్కన నిలబడకపోతే ఊరు కదలకుండా ఉండేది కాదు. ఆ రాయిలాగే సరుకులు ఉంచిన పొలిమేర బావికి మాత్రం మాంపెసన్ పేరే. కథ చెప్పేవాళ్లంతా స్టాన్లీని చివర్లో తలుచుకుంటారు. నాకది కష్టంగా ఉంటుంది.

గంటలు మోగించేవాళ్లు, సమాధుల తోటలో గడ్డి కోసేవాళ్లు, బల్ల మీద పూలు అమర్చే ఆడవాళ్లు, టీ కాచి కప్పులు కడిగేవాళ్లు, మరమ్మతులకి చందాలిచ్చినవాళ్లు... పేర్లు వేయొద్దన్నారు, అందరికీ నా వందనాలు. ఆగస్టులో తడి బంకమట్టి పలక మీద పూరేకులు ఒక్కొక్కటే నొక్కి బొమ్మ కట్టి ఊళ్లోని బావి దగ్గర నిలబెడతారు. చివరి ఆదివారం ప్లేగు ఆదివారం, క్యాథరిన్ అమ్మగారి సమాధి మీద దండ ఉంచుతారు. అందరూ వెళ్లాక నేను రెండు గుప్పెళ్ల పూలు స్టాన్లీ స్మారక శిల దగ్గర పెట్టి వస్తాను.