ఒంగోలు కొండయు స్త్రీల పరిచర్యయు
1854 జనవరి 1వ తేది వేకువను ఒంగోలు కొండపై ప్రార్థించినవా రైదుగురు: జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు. అందు మువ్వురు స్త్రీలు. పిమ్మట పురుషబోధకులు కాలిడరాని ఘోషాగృహములలో బోధించినవారును బైబిలు స్త్రీలే. అయినను బాప్తిస్మ మిచ్చు నధికారము, రొట్టె విఱుచు నధికారము పురుషులకే దక్కెను. గుంటూరు కేంద్రముగా 1927లో నేర్పడిన ఆంధ్ర సువార్త లూథరను సంఘము స్త్రీలకు గురుత్వాభిషేక మిచ్చునప్పటికి 1999వ సంవత్సరము వచ్చెను. దక్షిణ ఇండియా సంఘము 2013లో పుష్పలలితగారిని నంద్యాల బిషప్పుగా ప్రతిష్ఠించెను.

స్త్రీకి యోగ్యత చాలదనువారిని మే మొక్కటి యడుగుదుము. ఇంటింట బోధింప దగిన నోరు వేదికపై నెట్లు తగనిదగును? మిరపచేల కాయ గోసి, ఆ కూలిలో కానుక దెచ్చు చేయి ప్రభుబల్లయొద్ద పాత్ర నెత్త నేల తగదు? అభిషేకము దొరకినంతమాత్రమున చాలదు; ఆమెను కాపరిగా పిలుచుకొను సంఘములును వలయును.