జెంకిన్సుగారి బిడ్డలు

మన దేశమున వాద్యవిద్య సాధారణముగా వంశముతో వచ్చును. సన్నాయి వాయించువాని కొడుకు చిన్ననాడు ఒత్తు ఊది, పిదప తాళము పట్టి, మీసము మొలచునాటికి తండ్రి ప్రక్క నిలిచి సన్నాయి యెత్తుకొనును. మేళమనగా ఒక కుటుంబమే. అట్లయిన తండ్రియే లేని బాలునకు ఈ విద్య యెవ్వరిత్తురు? ఈ ప్రశ్నకు సముద్రముల కావల, అమెరికా సంయుక్తరాష్ట్రములలో, దక్షిణ కెరొలీనా యందలి చార్లెస్టను నగరమున ఒక విచిత్రమైన ప్రత్యుత్తరము లభించినది. ఆ చరిత్రము నిచ్చట వ్రాయబూనితిమి.

డేనియల్ జోసెఫ్ జెంకిన్సు 1862 వ సంవత్సరమున బానిసల కడుపున బానిసగా పుట్టెను. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయెను. పెరిగి పెద్దవాడై బాప్టిస్టు సంఘమున మతోపదేశకుడయ్యెను. 1891 డిసెంబరు చలిలో నలుగురు నల్లజాతి బాలురు దిక్కులేక ఒకరినొకరు అదుముకొని వణకుచుండగా అతని కంటబడిరి. వారిని తన యింటికి దోడుకొనిపోయెను. ఆ నగరమున అనాథశరణాలయమే లేదా యని పాఠకు లడుగవచ్చును. లేకేమి? 1790 లోనే స్థాపింపబడినది కలదు. ప్రజాధనముతో నడచు అనాథగృహములలో ఆ దేశమున కదియే మొదటిదని ప్రతీతి. కాని అది తెల్లవారి బిడ్డలకు మాత్రమే. ఆకలికి రంగు లేదు గాని అన్నము పెట్టు చేతికి రంగు కలదు.

1892 లో జెంకిన్సు తన సంఘమును చట్టబద్ధము గావించెను. ఆ పిమ్మట నగరపాలకులు పాడుపడిన నావికుల వైద్యశాల నొకదానిని అతని కిచ్చిరి. దానికి పొరుగున చెరసాల. దిక్కులేని నల్లబిడ్డకును చెరసాలకును ఒక గోడ కంటె నెక్కువ దూరముండదని ఆ పెద్దలకు దోచెను గాబోలు!

నలుగురు బిడ్డలు పదులై, పదులు వందలైరి. అన్నము చాలలేదు. అప్పుడు జెంకిన్సు ఊరివారిని పాత వాద్యములు యాచించెను. సొట్టలు పడిన కొమ్ములు, చిరిగిన డోళ్లు వచ్చెను. ఆ నగరమందలి సైనిక కళాశాల విద్యార్థులు విడిచిన పాత దుస్తులు వచ్చెను. వానిని పిల్లల కొలతకు కత్తిరించి కుట్టిరి. లోగను, మైకెలు అను ఇరువురు ఉపాధ్యాయులు స్వరలిపి చదువుట నేర్పిరి. వారి చేతిక్రింద నేర్చిన పెద్ద బాలుడు చిన్నవానికి నేర్పెను. తండ్రి స్థానమున అన్న నిలిచెను. ఇదియే ఆ మేళపు సంప్రదాయము. ఒకే గదిలో నిద్రించి, ఒకే పంక్తిని భుజించి, ఒకే బండిలో ఊరూరు తిరిగిన ఆ బాలురు నెత్తుటి సంబంధము లేని అన్నదమ్ములైరి.

వీథిమొగలో మేళము నిలుచును. ముందొక పసివాడు కోల చేతబట్టి, మేళము నడిపించు పెద్దమనిషివలె అభినయించుచు గంతులిడును. జనులు నవ్వుదురు, చిల్లర పడును. ఆ చిల్లరతో ఆ రాత్రి యింటివారికి కూడు. జెంకిన్సు వారిని పోషించెనని లోకమనును. వారే ఆ గృహమును పోషించిరనుట అంతకంటె సత్యమని మాకు దోచుచున్నది.

1895 లో ఆయన కొందరు బాలురను వెంటబెట్టుకొని లండనుకు బోయెను. అచ్చట వీథిలో వాయింపగా రక్షకభటు లడ్డగించిరి. అంతకు ముందేడే అమలులోనికి వచ్చిన బాలరక్షణశాసనము 11 ఏండ్లు నిండని పిల్లలచే ధనార్జనకై వీథుల నాడించి పాడించుటను నిషేధించినది. తిరుగుప్రయాణపు రూకలు లేక ఆయన న్యాయస్థానమున నిలిచి తన గోడు చెప్పుకొనెను. పిదప ప్రార్థనామందిరములలో ఉపన్యసించి చందాలు వసూలు చేసి బిడ్డలతో నింటికి మరలెను. ఆ శాసనము చెడ్డదని మేమనము. పసివారిని వీథికి దోలి తినువారిని శిక్షింపవలసినదే. కాని శాసనము వాద్యము నాపగలిగెనే గాని అన్నము పెట్టలేదు. బాలుని చేతినుండి బాకా లాగికొనువాడు ఆ చేతిలో మరేమి పెట్టునో చెప్పవలదా? మన దేశమున బాలకార్మికులను గూర్చి చర్చించువారును ఈ ప్రశ్న నొకింత ఆలోచింపవలెను.

క్రమముగా కీర్తి వచ్చెను. 1905 లో రూజువెల్టు అధ్యక్షుని పదవీస్వీకారపు ఊరేగింపునను, 1909 లో టాఫ్టు అధ్యక్షుని ఊరేగింపునను ఈ బాలురు వాయించుచు నడచిరి. ఒక మేళము పలు మేళములై ఎండకాలమున ఉత్తరదేశమునకును, చలికాలమున ఫ్లారిడాకును బోవుచుండెను. రాజధానిలో వారి సంగీతమునకు జనులు చప్పట్లు చరచిరి. ఆ జనులే అటుపిమ్మట ఆ బాలురను తమ భోజనశాలలో కూర్చుండనిచ్చెడివారు కారు.

1914 సంవత్సరమును గూర్చి యొకింత నిలిచి చెప్పవలసియున్నది. ఆ యేట లండనులో జరిగిన ఆంగ్లామెరికను ప్రదర్శనమునకు మేళము వెడలెను. అందు జెంకిన్సుగారి సొంత కుమారుడు ఎడ్మండు కలడు. అతడు 1894 లో పుట్టి అనాథల నడుమనే పెరిగి, వారితోనే వాయించినవాడు. యూరపులో మహాయుద్ధము ప్రారంభము కాగా మేళము స్వదేశమునకు మరలినది, ఎడ్మండు మరలలేదు. లండనులోని రాయల్ అకాడమీలో చేరి ఏడేండ్లు చదివి, బహుమతులు గాంచి, తన జన్మస్థలము పేర ‘చార్లెస్టోనియా’ అను వాద్యబృందకృతిని రచించెను. 1926 లో పారిసున, 32 ఏండ్ల ప్రాయముననే మరణించెను.

అతని ప్రజ్ఞ సామాన్యము కాదు. అతడు చదువుకొనుటను తప్పుపట్టువాడు మూర్ఖుడు. కాని ఓడ యెక్కి మరలిన బాలురలో అట్టి ప్రజ్ఞ గలవాడు మరియొక్కడును లేకుండెనా? ఒకే పంక్తిని తిన్నవారిలో, చదువునకు సముద్రముల కీవల నిలువగలిగినవాడు తండ్రి గలవాడొక్కడే. జెంకిన్సుగారు పక్షపాతియని మేము నిందింపము. వందలమంది బిడ్డలకు తండ్రియైనవాడు అందరికిని కూడు పెట్టగలడు. అందరిని లండనులో చదివింపలేడు. కుటుంబమను మాట ఎంత దూరము సాగి ఎచ్చట తెగునో ఈ వృత్తాంతమున స్పష్టముగా గాన్పించును.

ఆ యింటి నందరును ప్రేమించిరనుటయు సరికాదు. జాబో స్మిత్తు అను బాలుని తల్లి ఆరేండ్ల ప్రాయమున అచ్చట విడిచెను. అతడు బాకా నేర్చెను, పలుమారులు పారిపోయెను, పట్టి తెచ్చిరి, మరల పారిపోయెను. పదునారవయేట కడపటిసారి వెడలిపోయి, 1929 నాటికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగుతో పోల్చదగిన వాదకుడని పేరొందెను. పారిపోవునప్పుడు ఆ యింటినుండి అతడు గొనిపోయినది ఆ విద్య యొక్కటే.

విలియం ఆండర్సను కథ వేరు. 1916 లో గ్రీన్‌విల్లునందు పుట్టి, నాలుగేండ్లకే తల్లిదండ్రుల నిద్దరిని గోల్పోయి ఆ గృహమునకు వచ్చెను. పిల్లల కొట్లాటలలో గోళ్లతో రక్కుచుండెడివాడగుటచే తోడివారు ‘పిల్లి’ యని పేరు పెట్టిరి. మేళముతో దేశమంతయు తిరిగెను. ప్రాయము వచ్చి శరణాలయము విడువవలసిన కాలము రాగా ఆ అన్నదమ్ములలో కొందరు చెదరిపోక, ‘కెరొలీనా కాటన్ పికర్సు’ అను పేర సొంత మేళము కట్టిరి. ఆండర్సనును వారితో వాయించెను. జెంకిన్సుగారు 1937 లో కాలధర్మము నొందిరి. ఆ సంవత్సరముననే ఆ బృందమువారి వాద్యము ధ్వనిముద్రిక లెక్కినది. 1944 లో ఆండర్సను డ్యూక్ ఎల్లింగ్టను గారి ప్రసిద్ధ మేళమున జేరెను. ఇతరుల బాకాలు అందుకొనలేని తారస్థాయిని అతని బాకా అందుకొనెడిది. 1981 లో మరణించువరకు లోకమతనిని విలియమని పిలువలేదు. తోడి అనాథలు పెట్టిన ‘పిల్లి’ పేరుతోనే పిలిచెను.